వేటకు బోవలెనను వృద్ధసైనికుడు

నూజెండ్లవంటి పల్నాటి పల్లెలో పింఛను పుచ్చుకొని యిల్లు చేరిన యొక సైనికుని తలచుకొనుడు. నాడు కొండలెక్కిన కాళ్లు నేడు గడప దాటలేవు. ప్రొద్దస్తమానము అరుగుమీద కూర్చుండును. ఎప్పుడైన నొకసారి “అడవికి, వేటకు బోవలెనని యున్నది” అనును. ఇంటివారు నవ్వి యూరకుందురు. కాని సోదరీమణులారా, అది నవ్వి త్రోసివేయదగిన మాట కాదు.

అమెరికాదేశమున నిట్టి కోరిక తీర్చు ఏర్పాట్లు కలవు. గాయపడిన మాజీసైనికులను ధర్మసంఘములవారు వేటకు గొనిపోవుదురు. చక్రాలకుర్చీ నడచుటకు బాట చదును చేయుదురు, తుపాకి నానించుటకు ఆధార మమర్తురు, ప్రక్కన తోడు నుంచుదురు. పెక్కు రాష్ట్రములలో వికలాంగులకు, నిలిపిన బండినుండియే కాల్చుటకు ప్రత్యేకానుమతి దొరకును.

మనదేశమున నది పొసగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను కట్టుదిట్టము చేసినది. 1991 నాటి సవరణతో లైసెన్సు వేటకును దారి మూసికొనిపోయినది. నెమలిని గాని, కుందేలును గాని కొట్టుట నేరము. వృద్ధసైనికునకు మినహాయింపు లేదు. మనకు పడమటనున్న నల్లమల యడవిలో 3,500 చదరపు కిలోమీటర్లకు మించి పులుల సంరక్షణకే కేటాయింపబడి యున్నది.

మరి యా కోరిక నేమి చేయవలెను? విచారించి చూచినచో వేటలో చంపుట యొక భాగము మాత్రమే. వేకువనే లేచుట, తోడివారితో కలిసి వెడలుట, చప్పుడు నాలకించుట, అడుగుజాడ గుర్తించుట, గురి నిలుపుట మిగిలిన భాగము. సైనికుడు పోగొట్టుకొన్నవి యివియే. వీనిని మరల నిచ్చుటకు ఏ చట్టమును అడ్డురాదు.

1948 జూలై 29వ తేదీన ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు, యుద్ధమున గాయపడి చక్రాలకుర్చీల పాలైన 16 మందికి విలువిద్యలో పందెము పెట్టెను. వారిలో నిద్దరు స్త్రీలు. నేటి పారాలింపిక్సునకు మూల మాపందెమే. మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధమున తుపాకి గుండ్లకు గురియై, 1972లో హైడెల్‌బర్గున ఈతలో స్వర్ణపతకము గెలిచెను. ఇక ప్రసిద్ధ వేటగాడు జిమ్ కార్బెట్, సైన్యమున పనిచేసినవాడే, తరువాతి కాలమున తుపాకికి మారుగా కెమెరా చేతబట్టి పులుల చిత్రములు తీసెను.

అంత దూరము పోనక్కరలేదు. ఇంటి కోడలు “మామగారూ, రేపు తెల్లవారకమున్నే చెరువుగట్టునకు పోదమా?” అని యడిగిన చాలును. ముందురోజే బాట చూచి రావలెను. ఆటో చేరు చోటు, కుర్చీ కుదురుగా నిలుచు చదునునేల, నీడ యుండవలెను. మంచినీళ్లు, వేళకు వేసికొను మందులు, దుప్పటి, దొరికినచో దుర్భిణి వెంట నుండవలెను. అడవిలోనికి పోవలెనన్న అటవీశాఖ యనుమతి ముందుగా పొందవలెను. పిల్లల నిద్దరిని తోడిచ్చి, వచ్చిన పక్షులను, కనబడిన జాడలను ఆయన చెప్పగా వారిచే వ్రాయింపుడు. జాలిమాటలు వలదు. దారి చూపు పని ఆయనదిగా నుండనిండు. చక్రాలకుర్చీ మొదలగు సహాయములకై సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపుడు.

మన ప్రక్కనున్న వినుకొండకు ఆ పేరెట్లు వచ్చినదో ఈ ప్రాంతపు ఆడుపడుచు లందరెరుగుదురు. సీత నపహరించిన వార్తను రాముడు జటాయువువలన నిచ్చటనే వినెనని స్థలపురాణము. జటాయువు వృద్ధుడు, రెక్కలు తెగినవాడు. అయినను, తాను కన్నది చెప్పి రామునకు దారి చూపెను. మన యరుగుమీది వృద్ధునకును చెప్పవలసిన దెంతయో కలదు. కూర్చుండి వినువారే కావలెను.