విత్తనానికి పూచీ ఎవరు?

దసరాకు ముందు సింగరేణి కార్మికుల ఖాతాల్లో లాభాల వాటా పడుతుంది. 2024లో విస్తరణ పనులకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు పంచారు. ఆ వారంలో గోదావరిఖనిలో బంగారం దుకాణాలూ బట్టల దుకాణాలూ కిటకిటలాడతాయి. అందులో కొంత పైకం మా విత్తనాల దుకాణానికీ వస్తుంది. దసరా పోయిందంటే యాసంగి మక్క పెట్టే అదును వచ్చినట్టే.

బొగ్గు బాయి పనికీ ఎవుసానికీ పొత్తు కుదరదని బయటివాళ్లు అనుకుంటారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి రెండూ ఉన్నాయి. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, బండి మీద నేరుగా దుకాణానికే వస్తారు. కమాన్‌పూర్‌లోనో, ముత్తారంలోనో, ధర్మారంలోనో రెండు మూడెకరాల చెలక, అన్నదమ్ముల మధ్య ఒక బోరు. కాలువ నీళ్లు పారే చోట వరి వేస్తారు, పారని చోట మక్క. మా నాయిన కూడా బాయిలనే పనిచేసిండు. రిటైరైనప్పుడు వచ్చిన పైసలతో పెట్టిన దుకాణమిది.

"అన్నా, ఏ ఇత్తనం మంచిది?" అని అడుగుతారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "నీది చెలకనా, రేగడా? బోరు మార్చి దాకా పోస్తదా? నీళ్లు కట్టనీకె ఇంటి దగ్గర ఎవరున్నరు?" బోరు ముందే ఎండిపోయే చేనుకు తొందరగా కోతకొచ్చే రకం ఇవ్వాలి. నీళ్లకు ఢోకా లేని రేగడికి ఎక్కువ రోజుల రకం ఇచ్చినా నడుస్తుంది. ప్యాకెట్ మీద ఎంత పెద్ద కంకి బొమ్మ ఉన్నా ఈ సంగతి చెప్పదు.

ఆ ప్యాకెట్‌లో ఉన్నది సంకర విత్తనం. వేర్వేరు లక్షణాలున్న రెండు తల్లిదండ్రుల రకాలను పక్కపక్కన పెంచుతారు. సాధారణంగా నాలుగు ఆడ సాళ్లకు ఒక మగ సాలు. ఆడ సాళ్లలో మగపూత బయటికి రాగానే, పుప్పొడి రాలకముందే, మనుషులు మొక్కమొక్కకూ తిరిగి పీకేయాలి. అప్పుడు ఆడ మొక్క పీచు మీద మగ సాలు పుప్పొడే పడుతుంది. చుట్టూ 200 మీటర్ల లోపు ఇంకో మక్క చేను ఉండకూడదు. ఆడ కంకుల గింజే విత్తనం. మగ సాళ్ల పంట విత్తనానికి పనికిరాదు.

"పోయిన పంటల మంచి కంకులు దాచుకున్న, అవే పెడితే ఏమైతది?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. దాచుకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం అడ్డురాదు. సంకర మక్క తీరే అందుకు ఒప్పుకోదు. రెండో ఏడు తల్లి గుణం కొన్ని మొక్కలకూ తండ్రి గుణం కొన్నింటికీ పోతుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు పూత, ఒకటి వెనక. దిగుబడి పడిపోతుంది. అందుకే మక్క రైతు ప్రతి ఏడూ దుకాణం మెట్లెక్కక తప్పదు.

ఈ సంకర మక్కకు మన గడ్డ మీద పాత చరిత్రే ఉంది. దేశంలో 1961లో మొదటిసారి విడుదల చేసిన నాలుగు సంకర రకాల్లో ఒకటి 'దక్కన్', అది హైదరాబాద్ అంబర్‌పేటలో పుట్టింది. తర్వాత వచ్చిన డీహెచ్ఎం రకాలు రాజేంద్రనగర్ మక్క పరిశోధన కేంద్రానివి. డీహెచ్ఎం అంటే దక్కన్ హైబ్రిడ్ మక్క. డీహెచ్ఎం 117, 121 అడిగి తీసుకెళ్లే రైతులు ఇప్పటికీ ఉన్నారు.

చిన్న విత్తన కంపెనీ బతుకు ఇలాంటి సర్కారు రకాల మీదే తేలుతుంది. కొత్త సంకర రకం తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. పెద్ద కంపెనీలకు సొంత పరిశోధన ఉంటుంది, వాటి తల్లిదండ్రుల రకాలు బయటికి రావు. చిన్నవాడికి దిక్కు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చే తల్లిదండ్రుల విత్తనమే. అది దొరికితే నాలుగు ఊళ్లలో రైతులతో పండించి, తేమ 12 శాతం లోపుకు ఆరబెట్టి, శుద్ధి చేసి, తన పేరుతో అమ్ముకోగలడు. దొరకకపోతే పక్కవాడి గింజకు తన సంచి కుట్టడమే మిగులుతుంది. సర్కారు పరిశోధన నీరసిస్తే మొదట మూతపడేది ఈ చిన్న కంపెనీలే.

చిన్నగా మొదలైన వాళ్లంతా చిన్నగానే ఉండిపోలేదు. పాత కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలం గట్లనర్సింగాపూర్‌లో జి.వి. భాస్కర్‌రావు 1976లో విత్తనోత్పత్తి మొదలుపెట్టారు. అదే కావేరి సీడ్స్ అయింది, 2007లో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. అదే మండలంలో 1956లో పుట్టిన ముల్కనూరు సహకార సంఘం ఇంకో దారి పట్టింది. సభ్యులతో వరి విత్తనం పండించి, తన ప్లాంటులోనే శుద్ధి చేసి అమ్ముతుంది. ఒకటి కుటుంబ కంపెనీ, ఇంకొకటి రైతుల సంఘం. రెంటికీ మొదట పెట్టుబడి ఊరివాళ్ల నమ్మకమే.

ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో 2025లో ములుగు జిల్లాలో చూశాం. వెంకటాపురం, వాజేడు వైపు కంపెనీల కోసం మక్క విత్తనం పండించిన గిరిజన రైతులు పంట దెబ్బతిని రోడ్డెక్కారు. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్. మాటలన్నీ నోటితోనే. చివరికి సర్కారు కలగజేసుకుంటే గాని పరిహారం రాలేదు. పండించే రైతుకు ఒప్పంద పత్రం ఎంత ముఖ్యమో కొనే రైతుకు బిల్లు అంత ముఖ్యం.

దుకాణదారుగా నా బాధ్యత నేను చెప్పాలి. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఉండాలి, సరుకూ ధరా బోర్డు మీద రాయాలి, కొన్న ప్రతివాడికీ బిల్లు ఇవ్వాలి. ధ్రువీకరించిన విత్తనానికి నీలి లేబుల్, కంపెనీ సొంత పూచీతో అమ్మేదానికి ఆకుపచ్చ లేబుల్. సంకర మక్కకు మొలక కనీసం 90 శాతం, భౌతిక స్వచ్ఛత 98 శాతం ఉండాలి.

లేబుల్ మీద ఉన్నదాన్ని నేను గుడ్డిగా నమ్మను. కొత్త లాటు రాగానే నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెసంచి మీద వరసగా పేర్చి, చుట్టి నీడన పెడతాను. నాలుగో రోజు ఒకసారి, ఏడో రోజు ఇంకోసారి లెక్క. ఒక యాసంగి ముందు ఒక కంపెనీ లాటు ఎనభై కూడా దాటలేదు. సరుకు తిప్పి పంపితే వాళ్ల మనిషి ఫోన్ చేసి, "గట్లెవరు చూస్తరు సేటూ" అన్నడు. చూసేవాళ్లు లేరనే కదా పంపింది.

పది శాతం తక్కువైతే ఏమవుతుందో లెక్క వేద్దాం. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు వదిలితే ఎకరాకు 33 వేల మొక్కలు పడతాయి, విత్తనం ఎనిమిది కిలోలు. అందులో మూడు వేల మూడు వందల మొక్కలు మొలవలేదనుకోండి. కంకికి వంద గ్రాముల గింజ లెక్కన మూడు క్వింటాళ్ల పైన పోయినట్టు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. పక్క మొక్కలు కాస్త బలిసి కొంత పూడ్చినా, ఎకరాకు వేలల్లోనే నష్టం.

చిన్న వ్యాపారం కష్టాలు చిన్నవి కావు. పెద్ద కంపెనీలు ముందు పైసలు కట్టించుకుంటాయి. రైతేమో మక్కలు అమ్మినంక ఇస్తానంటాడు. ఈ రెంటి మధ్యా ఉద్దెర పుస్తకం పెరుగుతుంది. బాయి జీతమున్న ఇంట్లో ఉద్దెర నెలలో తీరుతుంది. ఎవుసమొక్కటే ఉన్న ఇంట్లో పంట దాకా ఆగాలి. 2020 వానాకాలంలో మక్క వేయొద్దని సర్కారు చెప్పినప్పుడు దించుకున్న సరుకు ర్యాకులోనే ఉండిపోయింది. విత్తనం ఇనుము కాదు, దాని మొలకకు గడువుంటుంది.

కొనేవాళ్లకు ఒక మాట. లాటు నంబరున్న బిల్లు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్, లేబుల్, గుప్పెడు గింజలు పంట ఇంటికి చేరేదాకా దాచండి. మొలక దెబ్బతింటే వ్యవసాయాధికారి ముందు మాట్లాడేవి అవే. బిల్లు అడిగితే మొహం ముడుచుకునే దుకాణమైతే దిగి పక్క దుకాణానికి పోండి. అది మాదైనా సరే.