నటీమణి లవర్న్ కాక్స్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున అలబామా అను రాష్ట్రము కలదు. అందలి మొబీల్ అను రేవుపట్టణమున 1972వ సంవత్సరము మే నెల 29వ తేదీన ఒక నల్లజాతి కుటుంబమునందు కవలలు జన్మించిరి. ఇరువురిని మగశిశువులుగానే ఎల్లరును ఎంచిరి. కాని వారిలో ఒకరు పసితనము నుండియు తన్ను బాలికగానే భావించుకొనుచుండెను. ఆమెయే ప్రఖ్యాత నటి లవర్న్ కాక్స్.

పుట్టినపుడు పెద్దలు నిర్ణయించిన లింగమొకటియు, తమ మనస్సునకు తోచు లింగము వేరొకటియు అయిన మానవులు అన్ని దేశములందును కలరు. అట్టివారిని నేడు ట్రాన్స్‌జెండరు వ్యక్తులందురు. ఇది వ్యాధి కాదు, వేషము కాదు, ఒకరు నేర్పిన అలవాటును కాదు.

బాల్యమున తోడిపిల్లలు లవర్న్‌ను గేలిచేసి, బడి విడిచిన పిదప తరిమి కొట్టుచుండిరి. మూడవ తరగతిలో ఉపాధ్యాయురాలు సైతము ఆ బిడ్డ నడవడి బాగుగా లేదని తల్లితో చెప్పెను. ఇంటను బడిలోను ఆదరణ కరవై, పదునొకండేండ్ల ప్రాయమున ఆమె బ్రతుకుపై ఆశనే కోల్పోయెను. హేళన చేసినవాడు దానిని మరునాటికి మరచును. పడినవారికి అది ముల్లై నాటుకొనును.

ఆ దశలో ఆమెకు నాట్యము ఊతమాయెను. బర్మింగ్‌హామ్ నగరమందలి లలితకళల పాఠశాలలో విద్యార్థివేతనముతో చేరి, పిదప న్యూయార్కునకు వెడలి నాట్యమున పట్టభద్రురాలయ్యెను. అచ్చట భోజనశాలలో వడ్డన చేయుచు నటనావకాశములకై ఏండ్ల తరబడి ప్రయత్నించెను. 2007లో కాండిస్ కేన్ అను ట్రాన్స్‌జెండరు నటి ఒక టెలివిజను ధారావాహికలో ప్రముఖ పాత్ర ధరించుట చూచి, తానును దాచుకొనక నటింపవచ్చునని ధైర్యము తెచ్చుకొనెను.

2013లో ‘ఆరెంజ్ ఈజ్ ది న్యూ బ్లాక్’ అను ధారావాహిక వెలువడెను. అందు సోఫియా అను ఖైదీ పాత్రను లవర్న్ పోషించెను. సోఫియా చెరసాలలో తోడివారికి కేశాలంకరణ చేయును. దూరమైన భార్యను, కుమారుని తలచి కుమిలిపోవును. ఆ పాత్ర పూర్వజీవితపు ఘట్టములలో లవర్న్ కవల సోదరుడే నటించుట విశేషము. ఈ నటనకు 2014లో ఆమె పేరు ఎమ్మీ బహుమాన పరిశీలనకు వచ్చెను. బహిరంగముగా ట్రాన్స్‌జెండరు అయిన వ్యక్తికి నటనా విభాగమున అట్టి గౌరవము లభించుట అదియే ప్రథమము. ఆ యేడే ‘టైమ్’ పత్రిక ముఖచిత్రముగా ఆమె చిత్రమును ప్రకటించెను.

కీర్తి లభించినంత ఆమె తృప్తి చెందలేదు. పూర్వము చలనచిత్రములు ట్రాన్స్‌జెండరు వారిని పరిహాసపాత్రులుగానో, హంతకులుగానో, హతులుగానో చూపుచుండెను. ఇరుగుపొరుగున అట్టివారిని ఎరుగని ప్రేక్షకుడు తెరపై కాంచినదానినే సత్యమని నమ్మును. ఆ నమ్మికతోనే వీథిలో వారిని అవమానించును, కొలువునుండి తొలగించును. ఈ చరిత్రను వివరించు ‘డిస్‌క్లోజర్’ అను చిత్రమునకు ఆమె నిర్మాతలలో ఒకరయ్యెను. 2020లో వెలువడిన ఆ చిత్రమునకు వీలైనంతవరకు ట్రాన్స్‌జెండరు కార్మికులనే నియమించిరి. శిక్షణ పొందినవారు దొరకనిచోట, పనిచేయు నిపుణుడు ఒక ట్రాన్స్‌జెండరు అభ్యాసకునకు పని నేర్పవలెనని ఏర్పాటు చేసిరి.

2019లో ఉద్యోగ హక్కుల వ్యాజ్యము అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున విచారణకు రానుండెను. ఎమ్మీ ఉత్సవమునకు లవర్న్ ఆ విచారణ తేదీని లిఖించిన చేతిసంచితో వచ్చి, ఛాయాచిత్రకారులందరి దృష్టిని దానిపైకి మరల్చెను. 2020 జూన్ 15న, ట్రాన్స్‌జెండరు అను కారణమున ఒకరిని ఉద్యోగమునుండి తొలగించుట చట్టవిరుద్ధమని ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇది పెక్కుమంది కృషికి ఫలము. అందు ఆమెకును భాగము కలదు.

న్యాయస్థానము ఉద్యోగమును కాపాడగలదు. కాని బడి విడిచిన వేళ ఒంటరిగా ఇంటికేగు బిడ్డను కాపాడవలసినది తోడి విద్యార్థులే. మొబీల్ పట్టణమున నాడు ఒక్క స్నేహితుడు ప్రక్కన నడచియుండినచో, ఆ బాలిక త్రోవ ఎంత సుగమమై యుండెడిదో పాఠకులు ఊహింపవలెను.