ఎలుకల పాలిట యముడు 'అడవి రామదాసు'

అవనిగడ్డ: దివిసీమలో వరికోతల రోజుల్లో పొద్దుటిపూట కాలువ గట్టున నిలబడితే ఒక వింత కంటబడుతుంది. చేనుపైన తాటిచెట్టంత ఎత్తులో తెల్లటి పక్షి ఒకటి ముందుకు పోకుండా, వెనక్కు రాకుండా, రెక్కలు టపటపలాడిస్తూ ఉన్నచోటనే నిలుస్తుంది. తర్వాత రెక్కలు పైకెత్తి, కాళ్ళు వేలాడదీసి, మెట్లు దిగినట్టు ఆగి ఆగి కిందికి వస్తుంది. చివరకు రాయిలా పడుతుంది. లేచేసరికి గోళ్ళలో చిట్టెలుక!

దూరం నుంచి చూసి పావురమనుకునేవారూ ఉన్నారు. నిజానికి ఇది గద్దజాతి పక్షి. కాకికంటే కాస్త చిన్నది. పొడవు సుమారు 33 సెం.మీ. పొట్ట తెలుపు, వీపు బూడిదరంగు, భుజాలమీద నల్లమచ్చలు, ఎర్రటి కళ్ళు. కరెంటు తీగమీద వాలినపుడు తోకను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తుంది. పోల్చుకోవడానికి ఈ ఒక్క గుర్తు చాలు.

దీని పాత తెలుగు పేరు 'అడవి రామదాసు'. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ దొర 1862లో వెలువడిన తన పక్షుల గ్రంథంలో ఈ పేరు నమోదు చేశాడు. నీటిమీద ఎగురుతూ చేపకోసం దూకే పిట్టను రామదాసు అనేవారు. అదే విద్య నేలమీద చూపేది కనుక ఇది అడవి రామదాసు అయింది. ఈ పేరు పెట్టినవాడెవడో గానీ పక్షిని బాగా గమనించినవాడే.

ఇది ఏం తింటున్నదో తెలుసుకోవడానికి దుర్భిణి అక్కరలేదు. రోజూ వాలే చెట్టుకింద వెతికితే బూడిదరంగు ఉండలు దొరుకుతాయి. అరగని వెంట్రుకలు, ఎముకలు ఇలా నోటిద్వారా కక్కేస్తుంది. ఉండను నీళ్ళలో నానబెట్టి విప్పితే ఎలుక దవడలు, పళ్ళు బయటపడతాయి. మిడతల ముక్కలూ ఉంటాయి. కాగా, ఎదిగిన పందికొక్కును మోసే శక్తి దీనికి లేదు. ఆ పని యానాదుల ఎలుకబుట్టలకే వదలాలి.

మందుతో ముప్పు

రైతుకు ఇంత మేలుచేసే పక్షికి రైతు పెట్టే మందే ముప్పుగా మారుతోంది. బ్రోమోడయోలోన్ ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు రక్తం గడ్డకట్టే గుణం కోల్పోయి, మందకొడిగా పైన తిరుగుతుంది. అటువంటి ఎలుకే గద్దకు సులువుగా చిక్కుతుంది. విషం దాని ఒంట్లోకీ చేరుతుంది. ఎరను గట్టుమీద చల్లకుండా కన్నం లోపల పెట్టి మూయడం, చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చడం రైతు చేతిలో పనే. పైసా ఖర్చు లేదు. అయినా పని ఒత్తిడిలో చాలాచోట్ల ఇది జరగదు. ఈ పక్షిని పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తెలియక పెట్టిన ఎరను మాత్రం ఏ చట్టం ఆపుతుంది?

తుమ్మలాంటి చెట్లపై పుల్లలతో వదులుగా గూడు కడుతుంది. సాధారణంగా 3 లేక 4 గుడ్లు పెడుతుంది. పిల్లలకు ఎగరడం వచ్చేందుకు నెలరోజులకు పైగా పడుతుంది. అంతకాలం వేట చాలావరకు మగపక్షిదే. అది తెచ్చిన ఎలుకను ఆడపక్షి చీల్చి పిల్లల నోట పెడుతుంది. ఆ రోజుల్లో మగపక్షి ఒక్కటి మందు తిన్న ఎలుకకు బలైతే గూటికి ఎలుక తెచ్చే దిక్కు ఉండదు.