మెదడువాపు వ్యాధి – నర్సు సేవ

"నర్సుకేముంది పని? డాక్టరు రాసిన మందు వేళకివ్వడమేగా!" అనే మాట హాస్టళ్లలోనూ, బస్సుల్లోనూ, పెళ్లిళ్లలోనూ ఎన్నోసార్లు విన్నాను. మందున్న జబ్బుల సంగతి అలా ఉంచండి. మందే లేని జబ్బు వచ్చినప్పుడు మరి రోగిని బతికించేదేమిటి? పిల్లల వార్డులో పనిచేసే నర్సుగా ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెప్పాలని ఈ వ్యాసం.

మెదడుకు సోకే జబ్బులన్నీ ఒకటి కావు. మెదడును కప్పి ఉండే పొరలు వాచితే దాన్ని మెనింజైటిస్ అంటారు. మెదడే వాచితే ఎన్‌కెఫలైటిస్, అంటే మనం మెదడువాపు అనేది. బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌కు యాంటీబయాటిక్స్ ఉన్నాయి. క్షయ వల్ల వచ్చేదానికి నెలల తరబడి వాడే మందులున్నాయి. హెర్పిస్ వైరస్ తెచ్చే మెదడువాపుకు ఎసైక్లోవిర్ ఉంది. కాని జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌కు గాని, చండీపుర వైరస్‌కు గాని ఆ క్రిమిని చంపే మందు ఇంతవరకు లేదు.

ఈ రెండూ మన పల్లెలకు కొత్త కావు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. వరిమళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషికి చేరుస్తుంది. సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. సుమారు 250 మందిలో ఒకరికి తీవ్రంగా వస్తుంది. అలా వచ్చినవారిలో నూటికి 30 మంది వరకు చనిపోవచ్చు. 1999 చివరి నెలల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో తల్లులకు ఇది కడుపుకోత మిగిల్చింది. 2003 వేసవి దాటాక మళ్లీ పిల్లలు పడిపోయారు. 329 మందికి జబ్బు చేస్తే 183 మంది పోయారు. అప్పటి కారణం ఇసుక ఈగ ద్వారా వ్యాపించే చండీపుర వైరస్ అని తేల్చారు.

ఇటువంటి పిల్లవాడు వార్డుకు వచ్చేసరికి ఒళ్లు కాలిపోతూ ఉంటుంది, ఫిట్స్ వస్తుంటాయి, స్పృహ ఉండదు. అసలు ప్రమాదమేమిటంటే, పుర్రె ఎముక సాగదు. లోపల మెదడు వాస్తే దానికి చోటు లేదు. ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందదు. ఇంకా పెరిగితే ఊపిరిని నడిపే భాగమే నలిగిపోతుంది. వైరస్ ప్రతాపం తగ్గేదాకా మెదడుకు గాలి, రక్తం, చక్కెర అందేటట్లు చూడటమే వైద్యం. అందులో పెద్ద భాగం నర్సు చేతిలో ఉంది.

అన్నిటికన్నా ముందు ఊపిరి. స్పృహలేని పిల్లవాణ్ణి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో చేరిన నురగను సక్షన్‌తో తీస్తాం. సక్షన్ పెట్టినా పది పదిహేను సెకన్లకు మించి పెట్టం. ఎక్కువసేపు పెడితే ఆక్సిజన్ తగ్గి తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడే తల్లులతో మాకు పేచీ వస్తుంది. "గొంతెండిపోతోందమ్మా, చెంచాడు నీళ్లు పొయ్యనివ్వు" అని బతిమాలుతారు. ఆ చెంచాడు నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కసురుకుంటే లాభం లేదు. మింగే శక్తి ఇంకా రాలేదని కూర్చోబెట్టి చెప్పాలి, తడి దూదితో పెదవులు అద్దే పని ఆమెకే ఇవ్వాలి.

మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ వంకర పోకుండా తిన్నగా ఉంచుతాం. మెడ ఒక పక్కకు మడతపడితే తలలోంచి రక్తం కిందికి దిగదు. వాపు తగ్గించడానికి డాక్టరు మానిటాల్ రాస్తారు. చలికి ఆ సీసాలో పటికబెల్లం పలుకుల్లాంటివి కడతాయి. వెలుతురుకెత్తి చూడకుండా ఎక్కించకూడదు. ఎక్కించాక మూత్రం ఎంత పోయిందో కొలిచి రాయాలి. జ్వరానికి గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడుస్తాం. ఐసునీళ్లు వాడితే వణుకు పుట్టి అసలుకే మోసం వస్తుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్లమధ్య చెంచా దూర్చడం మనవాళ్లకు అలవాటు. ఇనుము ఫిట్స్‌ను ఆపదు. చెంచా పళ్లు విరగ్గొడుతుంది. పక్కకు తిప్పి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే ఇంజెక్షను తప్పదు. రక్తంలో చక్కెర పడిపోయినా ఫిట్స్ వస్తాయి కనుక వెంటనే దాన్నీ పరీక్షిస్తాం.

రోగి స్థితిని "బాగుంది, బాగాలేదు" అని రాస్తే కుదరదు. 1974లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు ప్రకటించిన కొలబద్ద మాకు ఆధారం. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తాయి. మాటలు రాని పసిపిల్లలకు దాన్నే కొద్దిగా మార్చి వాడతాం. రాత్రి పదింటికి 10 ఉన్న మార్కు పన్నెండింటికి 8కి దిగితే, కంటిపాప ఒకటి పెద్దదై టార్చిలైటుకు ముడుచుకోకపోతే, నాడి నెమ్మదించి రక్తపోటు పెరిగితే, తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే డాక్టరును లేపాలి. ఆ తేడాను మొదట చూసేది మంచం పక్కనున్న నర్సే.

ఇక కంటికి కనిపించని చాకిరీ ఉంది. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. రెప్ప మూతపడని కంటిని తుడిచి, మందువేసి మూయకపోతే నల్లగుడ్డు ఎండి చూపు పోతుంది. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు పొట్టలోనే ఉందని ప్రతిసారీ రూఢి చేసుకున్నాకే పాలు పోయాలి. కీళ్లు బిగుసుకోకుండా కాళ్లూ చేతులూ మెల్లగా ఆడించాలి. బతికి బయటపడినవారిలో నూటికి 30 నుంచి 50 మందికి ఏదో ఒక లోపం మిగులుతుంది. పుండ్లు, బిగిసిన కీళ్లు, పోయిన చూపు కూడా దానికి తోడు కాకుండా చూడటం మా బాధ్యత. పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచి, ఏం చేయబోతున్నామో చెప్పి మరీ చేస్తాం. పలకనంత మాత్రాన వినడం లేదని అనుకోకూడదు.

మరొక్క మాట. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ మనిషినుంచి మనిషికి అంటదు. బంధువులు భయపడి దూరం జరగనక్కర్లేదు. మెనింగోకాకస్ వల్ల వచ్చే మెనింజైటిస్ మాత్రం అంటుతుంది. మందు మొదలుపెట్టిన మొదటి 24 గంటలు మాస్కు తప్పనిసరి.

జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌కు మందు లేకపోయినా టీకా ఉంది. వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో 2006 నుంచి దశలవారీగా ప్రభుత్వమే వేయిస్తోంది. తొమ్మిదో నెలలో ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మరొకటి. సెలవులకు ఊరెళ్లే మిత్రులు మీ వీధిలోని పసిపిల్లల టీకా కార్డులు ఒకసారి అడిగి చూడండి. సంధ్యవేళ దోమతెర కట్టమని చెప్పండి. జ్వరంతో పిల్లవాడు మగతలో పడితే భూతవైద్యుడి దగ్గరకు కాదు, ఆసుపత్రికి తీసుకుపొమ్మనండి. దారిలో పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో ఏమీ పొయ్యవద్దని మరీ మరీ చెప్పండి. అంతమాత్రం చేసి తీసుకొస్తే, తక్కిన సేవకు మేమున్నాం.