లాగ్ ఫైలులో లైను ఆలస్యంగా పడుతోందా? ఒక్కొక్కటిగా ఇలా చూడండి

కంప్యూటర్ ల్యాబ్ చూసుకొనే ఉపాధ్యాయులకు, 11, 12 తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థులకు ఈ వివరణ. జావాతో నడిచే టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్‌ను చాలా చోట్ల వాడుతున్నారు. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ దీన్ని అపాచీ వారికి అప్పగించింది. అప్పటినుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

సర్వర్ దగ్గరకు ఎవరు వచ్చారు, ఏమి అడిగారు, ఎక్కడ తప్పు జరిగింది అని రాసుకొనే చిట్టాపుస్తకమే లాగ్ ఫైలు. ఒక అమ్మాయి తన ప్రాజెక్టును సర్వర్‌కు పంపింది అనుకోండి. "పంపాను సార్" అంటుంది. వెంటనే లాగ్ ఫైలు తెరిచి చూస్తే ఆ లైను కనపడదు. అంతమాత్రాన "నువ్వు పంపలేదు" అనవచ్చునా? అనకూడదు. ఎందుకో చెబుతాను.

మన చిన్నమనూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో ఒక్క మనిషి ఎక్కగానే కదలదు, నిండితేనే కదులుతుంది. బస్సు అట్లా కాదు, నిండకపోయినా టైముకు బయలుదేరుతుంది. సర్వర్ కూడా ఒక్కొక్క లైనుకు డిస్క్ దాకా పోకుండా, కొన్ని లైన్లు బఫర్ అనే తాత్కాలిక జాగాలో పోగుచేసుకుంటుంది. ఆ జాగా నిండినప్పుడో, నియమించిన టైము అయినప్పుడో ఫైలులోకి దించుతుంది. ఆలస్యానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. అయితే సర్వర్ సెట్టింగ్ ముట్టుకొనే ముందు మరి రెండు సంగతులు చూసుకోవాలి.

1. మనం చూసే తీరు. టామ్‌క్యాట్ లాగ్ ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది. అర్ధరాత్రి దాటాక కొత్త తేదీతో కొత్త ఫైలు మొదలవుతుంది. నిన్నటి ఫైలునే చూస్తూ కూర్చుంటే ఇవాళ్టి లైను ఎట్లా వస్తుంది? లినక్స్‌లో టెయిల్, గ్రెప్ అనే ఆదేశాలు కలిపి, దాని ఫలితాన్ని ఇంకొక ఆదేశానికి పంపేవారు మరొకటి గమనించాలి. గ్రెప్ కూడా తన సొంత బఫర్‌లో లైన్లు ఆపుకుంటుంది. దానికి 'లైన్ బఫర్డ్' అనే ఆప్షన్ ఇస్తే ఏ లైను ఆ లైనే వదులుతుంది. విండోస్‌లో ఫోల్డర్ చూపించే ఫైలు సైజును నమ్మి "ఏమీ రాయలేదు" అనుకోవద్దు. ఫైలును తెరిచి చూడండి.

2. గడియారం. సర్వర్ అంతర్జాతీయ సమయంలో నడుస్తుంటే మన సమయానికి ఐదున్నర గంటలు తేడా వస్తుంది. ఉదయం 10 గంటలకు జరిగినది 4:30 అని పడుతుంది. యాక్సెస్ లాగ్‌లో సమయం పక్కనే ప్లస్ 0530 అని ఉందా, ప్లస్ 0000 అని ఉందా చూస్తే తెలిసిపోతుంది. ఇది ఆలస్యం కాదు, లెక్కలో తేడా మాత్రమే.

3. యాక్సెస్ లాగ్. ఎవరు ఏ పేజీ అడిగారో రాసే ఫైలు ఇది. 'సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్' ఫైలులో యాక్సెస్ లాగ్ వాల్వ్ అనే భాగం ఉంది. దానిలో 'బఫర్డ్' అనే సెట్టింగ్, మనం ఏమీ రాయకపోతే 'ట్రూ' గానే ఉంటుంది. మామూలుగా 10 సెకన్లకు ఒకసారి నడిచే వెనుకపని ఒకటి బఫర్‌లోని లైన్లను ఫైలులోకి దించుతుంది. కనుక సుమారు 10 సెకన్ల ఆలస్యం రోగం కాదు, దాని స్వభావం. వెంటనే కావాలంటే 'ఫాల్స్' అని మార్చి సర్వర్‌ను ఆపి మళ్ళీ నడపండి.

4. సర్వర్ సొంత లాగ్. తప్పులు, హెచ్చరికలు రాసే ఫైళ్ళకు 'లాగింగ్ డాట్ ప్రాపర్టీస్' చూడాలి. అక్కడ 'బఫర్ సైజ్' అనే అంకె ఉంటుంది. 0 అని పెడితే బఫర్ లేదని అర్థం అనుకుంటాము. కాదు! 0 అంటే సిస్టమ్ మామూలు బఫర్, సాధారణంగా 8 కేబీ. మైనస్ 1 అయితేనే ఒక్కొక్క లైనూ వెంటనే పోతుంది. మనం ఏమీ రాయకపోతే ఉండేది కూడా మైనస్ 1. కాబట్టి ఎవరో 0 పెట్టి ఉన్నారేమో చూడండి.

5. మనం రాసిన ప్రోగ్రామ్. లాగ్‌ఫోర్‌జే 2, లాగ్‌బ్యాక్ వంటివి వాడితే వాటి సెట్టింగ్ వేరే. 'ఇమ్మీడియట్ ఫ్లష్' అనేది 'ఫాల్స్' గా ఉంటే లైన్లు ఆగుతాయి.

ఇవన్నీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, ఒక పేజీ తెరిచి, లైను ఎన్ని సెకన్లకు పడిందో రాసుకొని తరువాత రెండోది చూడండి. లేకపోతే ఏ మందుకు జ్వరం తగ్గిందో తెలియదు. డిస్క్ నిండిపోయి ఉంటే మాత్రం ఏ సెట్టింగూ పని చేయదు, అది కూడా చూసుకోండి.

బఫర్‌ను అన్నిచోట్లా తీసేయడం మంచిదా? పదిమంది వాడే ల్యాబ్‌లో తీసేసినా నష్టం లేదు. వేలమంది ఒకేసారి వచ్చే సర్వర్‌లో ప్రతి లైనుకూ డిస్క్ దాకా పోతే పని నెమ్మదిస్తుంది. అక్కడ బఫర్ ఉండవలసిందే.

అయితే బఫర్‌లో ఉన్నది ఇంకా ఫైలులోకి చేరలేదు. కరెంటు పోయినా, ఎవరైనా స్విచ్ ఆపేసినా ఆ లైన్లు పోతాయి, తిరిగి రావు. కనుక సాయంత్రం ల్యాబ్ మూసేటప్పుడు టామ్‌క్యాట్‌ను దాని షట్‌డౌన్ ఆదేశంతోనే ఆపండి. అప్పుడు అది బఫర్‌లో మిగిలినదంతా ఫైలులో రాసి నిద్రపోతుంది.

పిల్లల పనికి గడువు లెక్క చూసేటప్పుడు లైను ఫైలులో ఎప్పుడు కనపడింది అని చూడకండి, ఆ లైనులో రాసి ఉన్న సమయం చూడండి. ఆలస్యంగా ఫైలులో చేరినా దానిలో ఉండేది పని జరిగిన సమయమే. లైను ఉంటే అది సాక్ష్యం. లేకపోతే మాత్రం, పైన చెప్పినవన్నీ చూశాకే ఒక మాట అనాలి.