కొత్త సారా, పాత సారా

గ్రామ పెద్దలారా! సారా పాతబడినకొలది మంచిదగుననియు, అంటించినప్పుడు మండినచో అది కల్తీలేనిదనియు చెప్పువారు కలరు. ఈ రెండు మాటలలో నిజమెంతయో నేడు విచారింతము.

బట్టీనుండి అప్పుడే దిగిన మద్యము ఎచ్చటిదైనను నీటివలె రంగులేనిదే, నాలుకకు నిప్పువంటిదే. బెల్లపు ఊటలో తెల్లతుమ్మ పట్ట వేసి దించెడి మన నాటుసారాయు, స్కాట్లండులో మొలకెత్తిన బార్లీగింజలనుండి దించెడి కొత్త విస్కీయు ఈ విషయమున అన్నదమ్ములే. బ్రిటనులో 1915వ సంవత్సరమున, యుద్ధకాలములో, రెండేండ్లైనను నిలువచేయని విస్కీని అమ్మరాదని చట్టము చేసిరి. నేడు మూడేండ్లు ఓకు కొయ్య పీపాలో నుండనిది స్కాచి విస్కీ అనిపించుకొనజాలదు.

ఆ పీపాలో జరుగునదేమి? లోపల కాల్చిన కొయ్యబొగ్గు గంధకపు వాసనలను పీల్చుకొనును. కొయ్యనుండి రంగును, పరిమళమును దిగును. మెల్లగా గాలి సోకి రుచి మారును. కొంత ఆవిరియై పోవును. స్కాట్లండు చలిలో ఏటికి నూటికి రెండు పాళ్లు పోగా, మన పొరుగుననున్న బెంగళూరులో పదికి పైగా పోవును. 1948లో అచ్చట వెలసిన అమృత్ సంస్థవారి విస్కీ నాలుగైదేండ్లకే పక్వమగుటకు ఆ వేడియే కారణము. మన అనంతపురపు ఎండ అంతకంటె తీవ్రమైనది. అయినను కుండలోనో, ప్లాస్టిక్ డబ్బాలోనో దాచిన నాటుసారాకు కొయ్య తోడు లేదు గనుక ఈ మార్పులు చాలవరకు జరుగవు.

అంతేకాదు, పీపా మార్చునది రుచినే గాని విషమును కాదు. కర్మాగారములలో వాడెడి మిథైల్ ఆల్కహాలు కలిసినచో, పదేండ్లు పాతిపెట్టినను అది పోదు. దాని వాసన సారా వాసనను పోలియుండును. అదియు మండును గనుక మంటపరీక్ష వ్యర్థము. 1981లో బెంగళూరులో ఇట్టి కల్తీసారా మూడువందలమందికి పైగా బలిగొన్నది. మన రాష్ట్రమున 1993 అక్టోబరు 1వ తేదీన సారా అమ్మకము నిషేధింపబడినది. చాటున వచ్చు సారాను పరీక్షించు నాథుడు లేడు.

ఈ విషము త్రాగినవానికి ఆ పూట ఏమియు తెలియకపోవచ్చును. సగము దినమో, దినమో గడచిన పిమ్మట కడుపునొప్పి, వాంతులు, ఆయాసము కలుగును; కన్నులకు మంచు కమ్మినట్లగును. మత్తు దిగలేదని పండుకొనబెట్టరాదు. మజ్జిగతో, నిమ్మరసముతో కాలయాపన చేయరాదు. తక్షణమే పెద్దాసుపత్రికి చేర్పవలెను. విరుగుడు మందును, రక్తశుద్ధి యంత్రమును అచ్చట నుండును. అదే సారా త్రాగిన తక్కినవారిని, బాగుగనే యున్నను, వెంట తీసికొనిపోవలెను. ఆలస్యమైనచో ప్రాణము దక్కినను చూపు దక్కకపోవచ్చును.

ఇట్టి వేళ కేసునకు, పరువునకు వెరచి ఇంటివారు సంగతి దాచుదురు. అప్పుడు వారికి ధైర్యము చెప్పి బండి కట్టించవలసినవారు మీరే.