శశిరేఖ ఏ పర్వంలో ఉంది? పాత్రల్ని మార్చడం గురించి నేను చెప్పిన తప్పు

ఆయ్, మళ్ళీ మన కోనసీమ నుంచే. ఎప్పుడూ సినిమావాళ్ళ తప్పులు చెప్తుంటాను కదా, ఈసారి నా తప్పు చెప్తాను. వీడియో చూసే టైమ్ లేనివాళ్ళ కోసం మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను.

2023 జూన్ 16న ఆదిపురుష్ రిలీజైంది. మాది రాజోలు వైపు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం, అక్కడికి దగ్గర్లోనే మొగల్తూరు, ప్రభాస్ వాళ్ళ కుటుంబం సొంతూరు. కాబట్టి మా వైపు కుర్రాళ్ళకి ఆయన సినిమా అంటే పక్కింటి పెళ్ళి లెక్క. మా మావయ్య కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్ద, ఫ్లెక్సీ కట్టడానికి తెల్లారకముందే లేచాడు. నేను అప్పటికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాల్లో ఈ ఛానల్ నడుపుతున్నా. లీవు పెట్టి వచ్చి అమలాపురంలో సినిమా చూశాను. మర్నాడే వీడియో పెట్టేశాను.

అందులో రెండు మాటలన్నాను. ఒకటి, "మన పాత డైరెక్టర్లయితే మూలంలో అక్షరం కూడా ముట్టుకునేవాళ్ళు కాదు, మాయాబజార్ చూడండి" అని. రెండోది, "ఇది చూసి చప్పట్లు కొట్టినవాళ్ళకి హీరో పిచ్చితో కళ్ళు మూసుకుపోయాయి" అని.

ఆ రాత్రి బావ ఫోన్ చేశాడు. తిట్టలేదు. ఒకే ప్రశ్న అడిగాడు.

"ఒరేయ్, భారతంలో శశిరేఖ ఏ పర్వంలో ఉంది రా?"

"చూసి చెప్తాను బావా" అన్నాను. చూశాను. వ్యాసుడి భారతంలో ఎక్కడా లేదు. వీడియో తీసేశాను గానీ, బావ నాతో మాట్లాడటం కూడా మానేశాడు.

సరే, ఆ ప్రశ్న దగ్గర నుంచే మొదలుపెడదాం.

మాయాబజార్ మొత్తం మార్పే

వ్యాస భారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురు లేదు. అభిమన్యుడు పెళ్ళి చేసుకున్నది విరాటరాజు కూతురు ఉత్తరని. శశిరేఖా పరిణయం జనం నోట పుట్టి, నాటకాల్లో పెరిగిన కథ. సురభి వాళ్ళు స్టేజి మీద ఆడిన మాయాబజార్ కూడా ఈ కథే. దాన్నే 1957లో విజయా వాళ్ళ కోసం కె.వి.రెడ్డి గారు సినిమాగా తీశారు. పాండవుల ఇంటి కథే గానీ, సినిమా మొత్తంలో ఆ ఐదుగురూ ఒక్క సీన్‌లో కూడా కనపడరు. గమనించారా? నేను పది సార్లు చూసి కూడా గమనించలేదు.

ఇంక ఘటోత్కచుడు. భారతంలో అతను భయంకరమైన యోధుడు, కర్ణుడు దాచుకున్న శక్తి ఆయుధానికి బలైనవాడు. సినిమాలో ఎస్.వి.రంగారావు గారు చేసిన ఘటోత్కచుడు కొత్త మాటలు పుట్టిస్తాడు, పెళ్ళి భోజనం లాగించేస్తాడు. అస్మదీయులు, తస్మదీయులు అని మనం ఇప్పటికీ వాడుతున్నామంటే అది పింగళి నాగేంద్రరావు గారి పుణ్యమే. ఇంత మార్చినా ఎవరూ గొడవ పెట్టలేదు. మూలం అదే అనుకునేంతగా మనలో కలిసిపోయింది. నేను అనుకున్నాను కదా, బీటెక్ చదివి కూడా.

సినిమా పుట్టకముందు నుంచే

ఎవరైనా చిన్న సాయం చేస్తే "ఏదో ఉడతాభక్తి" అంటాం. సేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడత, దాని వీపు మీద రాముడి వేళ్ళ గీతలు. ఆ ఉడత వాల్మీకి రామాయణంలో లేదు. మన తెలుగులో రంగనాథ రామాయణంలో ఉంది. అది గోన బుద్ధారెడ్డి పేరు మీద ఉన్న ద్విపద కావ్యం, 13వ శతాబ్దం నాటిది. లక్ష్మణరేఖ కూడా అంతే. వాల్మీకి అరణ్యకాండలో లక్ష్మణుడు సీతని వదిలి వెళ్ళేటప్పుడు గీత గీయడు.

అంటే మనం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే మార్పు చేసిన రామాయణం ఉంది. కాబట్టి "పాత్రల్ని మార్చకూడదు" అనే రూల్ మన దగ్గర ఎప్పుడూ లేదు. మరి ఆదిపురుష్ మీద అంత కోపం ఎందుకొచ్చింది? దీనికి జవాబు వెతకడానికి నాకు చాలా రోజులు పట్టింది.

హనుమంతుడి దగ్గర ఏం జరిగింది

గొడవ రిలీజ్‌తో మొదలవలేదు. 2022 అక్టోబర్ 2న అయోధ్యలో టీజర్ వదిలినప్పుడే రావణుడి గెటప్ చూసి జనం గోల పెట్టారు. 2023 సంక్రాంతికి రావలసిన సినిమా జూన్‌కి వెళ్ళింది. సినిమాలో పాత్రల పేర్లు రాఘవ, జానకి, శేష్, బజరంగ్, లంకేశ్. రూపం మారింది, పేర్లు మారాయి. అయినా ప్రతి థియేటర్‌లో ఒక సీటు హనుమంతుడికి వదిలేస్తామంటే జనం సంతోషించారు, టిక్కెట్లు కొన్నారు. అసలు మంట లేచింది మాటల దగ్గర. తోకకి నిప్పు పెట్టే చోట ఇంద్రజిత్తుతో హనుమంతుడు సందు చివర కుర్రాడిలా మాట్లాడతాడు. హిందీ డైలాగులు రాసిన మనోజ్ ముంతషిర్ ముందు సమర్థించుకున్నారు. కొద్ది రోజుల్లోనే డైలాగులు మార్చారు, తర్వాత ఆయన క్షమాపణ కూడా చెప్పారు.

ఇప్పుడు కిష్కింధకాండకి వెళ్దాం. సుగ్రీవుడు పంపితే హనుమంతుడు మారువేషంలో వచ్చి రామలక్ష్మణులతో మొదటిసారి మాట్లాడతాడు. రాముడు లక్ష్మణుడితో ఏమంటాడో తెలుసా? వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడు, వ్యాకరణం బాగా నేర్చుకున్నాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క తప్పు మాట దొర్లలేదు అని. హనుమంతుడి బలం గురించి రాముడికి ఇంకా తెలియదు. సముద్రం దాటడం ఇంకా జరగలేదు. రాముడికి మొదట నచ్చింది ఆయన మాట.

అంటే సినిమావాళ్ళు మార్చింది ఏదో ఒక డైలాగు కాదు. హనుమంతుడికి ఏది గుర్తింపో సరిగ్గా దాన్నే తీసేశారు. చూసినవాళ్ళలో చాలామంది కిష్కింధకాండ చదివి ఉండకపోవచ్చు. కానీ గుళ్ళో, హరికథలో, అమ్మమ్మ చెప్పిన కథలో వాళ్ళు విన్న హనుమంతుడు పెద్దమనిషిలా మాట్లాడేవాడు. తేడా వెంటనే పట్టేశారు.

అదే ఘటోత్కచుడు తమాషాగా మాట్లాడితే ఎవరికీ నొప్పి లేదు. ఎందుకంటే అతను ఇలాగే మాట్లాడాలి అని మన మనసులో ఏమీ లేదు. అది ఖాళీ జాగా, పింగళి గారు అక్కడ ఇల్లు కట్టారు. హనుమంతుడి దగ్గర ఉన్న ఇల్లు పడగొట్టారు. తేడా అదండి.

కర్ణుడు, కొంచెం కష్టమైన కేసు

అయితే స్వభావాన్ని అసలు ముట్టుకోకూడదా? అలా అంటే ఎన్టీఆర్ గారి దానవీరశూరకర్ణ ఏమవ్వాలి? 1977 సంక్రాంతికి వచ్చింది. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే. కొండవీటి వెంకటకవి గారి మాటలు. దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా ఉంది! విలన్‌ని హీరో చేసేశారు, జనం నెత్తిన పెట్టుకున్నారు.

ఎందుకు ఒప్పుకున్నారంటే, నాకు అర్థమైనంత వరకు, ఆ సినిమా ముగింపు మార్చలేదు. దుర్యోధనుడి వైపు వాదన గట్టిగా వినిపించింది, పుట్టుకని బట్టి మనిషిని కొలవడం ఏంటని అడిగింది. అయినా అతను ఓడిపోతాడు, పడిపోతాడు. తీసుకున్నదానికి బదులు ఏదో ఇచ్చింది.

మయసభ సంగతి కూడా ఇలాంటిదే. దుర్యోధనుడు నీళ్ళలో పడితే ద్రౌపది నవ్వింది అని మనందరికీ తెలుసు. వ్యాసుడు ఆ సంఘటన నేరుగా చెప్పే చోట నవ్వింది భీముడు, అతని తమ్ముళ్ళు. ద్రౌపది నవ్విందన్న మాట తర్వాత వస్తుంది, దుర్యోధనుడు ఇంటికెళ్ళి తండ్రికి చెప్పుకునేటప్పుడు. సీసీ కెమెరా ఫుటేజ్ ఒకటి, కంప్లైంట్‌లో రాసింది ఒకటి. మనం కంప్లైంటే గుర్తు పెట్టుకున్నాం.

ఇంక 2024 జూన్ 27న కల్కి వచ్చింది. చివర్లో ప్రభాస్ కర్ణుడని తెలిసేసరికి థియేటర్ ఊగిపోయింది. ఆ తర్వాత కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని ఫోన్లలో యుద్ధం. ఒకవైపు వాళ్ళు విరాటపర్వం తీశారు, అక్కడ అర్జునుడు ఒక్కడే కర్ణుడితో సహా అందర్నీ ఓడించాడు కదా అని. రెండోవైపు వాళ్ళు కవచకుండలాలు తీశారు.

ఈ గొడవలో నాకు కనపడింది వేరే. దానవీరశూరకర్ణ రోజుల నుంచి మనం కర్ణుడిని ప్రేమిస్తూ, అతని తప్పుల్ని కొంచెం కొంచెంగా చెరిపేస్తూ వచ్చాం. కొలువులో ద్రౌపదిని అతనన్న మాటలు చాలా నీచమైనవి. సినిమాల్లో అవి మెత్తబడిపోతాయి. కానీ ఉద్యోగపర్వంలో కర్ణుడే కృష్ణుడితో అంటాడు, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులని కటువుగా మాట్లాడాను, దానికి ఇప్పుడు కుమిలిపోతున్నాను అని. ఎంత గొప్ప సీన్ అండి అది! తప్పు చెరిపేస్తే ఆ పశ్చాత్తాపం కూడా చెరిగిపోతుంది. హీరోని శుభ్రం చేద్దామని మనిషినే పోగొట్టుకుంటున్నాం.

నిజంగా బతికినవాళ్ళైతే

పురాణపాత్రలకి ఒక లెక్క, చరిత్రలో బతికినవాళ్ళకి ఇంకో లెక్క. ఆర్ఆర్ఆర్‌లో అల్లూరి సీతారామరాజు పోలీసు ఉద్యోగంలో ఉంటారు. కొమురం భీమ్‌తో స్నేహం కూడా కల్పితమే, రాజమౌళి గారు ముందే చెప్పారు. అల్లూరి 1924లో చనిపోయారు, భీమ్ 1940లో. 2020లో భీమ్ టీజర్‌లో తల మీద టోపీ కనపడగానే ఆదిలాబాద్ వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. "కథే కదా" అని కొట్టిపారేయడానికి లేదు. భీమ్‌ని తమ ఇంటి మనిషిగా చూసుకునే జనం ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ భూమి పోరాటం ఆ పేరు మీదే నడుస్తోంది. హనుమంతుడికి వెయ్యేళ్ళుగా ఎన్నో కథలున్నాయి, ఒకటి చెడినా మిగతావి ఉంటాయి. భీమ్ గురించి బయటి ఊళ్ళ కుర్రాళ్ళకి తెలిసింది ఆ ఒక్క సినిమానే. అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి.

బావ ఏమన్నాడంటే

2024 సంక్రాంతికి ఇంటికొచ్చాను. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. చూడనివాళ్ళకి చెప్తాను. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద ఆ కొబ్బరితోటకి వస్తారు. కొన్ని ప్రభల్ని కుర్రాళ్ళు భుజాల మీద మోస్తూ కాలవ దాటిస్తారు. ఆ గుంపులో బావ కనపడ్డాడు. నేనే వెళ్ళి పలకరించాను.

"బావా, శశిరేఖ ఏ పర్వంలోనూ లేదు. నేనే తప్పు."

నవ్వాడు. తర్వాత అన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది. "హనుమంతుడి మాటలు నాక్కూడా నచ్చలేదు రా. నువ్వు అడిగితే చెప్పేవాణ్ణి. అడక్కుండా పిచ్చోళ్ళన్నావు."

నిజమే. నేను సినిమా మీద అభిప్రాయం చెప్పలేదు, చూసినవాళ్ళ మీద చెప్పాను. అభిమాని అంటే అన్నీ ఒప్పుకునేవాడు అనుకున్నాను. రావణుడి గెటప్ బాలేదని మొదట గోల పెట్టినవాళ్ళలో అభిమానులే బోలెడంతమంది ఉన్నారన్న సంగతి మర్చిపోయాను.

కాసేపు అక్కడే నిలబడి ప్రభల్ని చూశాం. ప్రతి ఊరివాళ్ళూ ఏటా ప్రభని కొత్తగా కడతారు. రంగులు మారతాయి, గుడ్డలు మారతాయి, పక్క ఊరి ప్రభ కన్నా బావుండాలని పోటీ పడతారు. దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ లోపల దేవుడు లేకుండా ప్రభ తెస్తే ఎవరూ మొయ్యరు.

అందుకే ఇప్పుడు ఏ సినిమా మీద మాట్లాడేముందైనా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నా, మీకూ పనికొస్తాయేమో చూడండి. మార్చింది వేషమా, కథా, స్వభావమా? ఆ చోటు ముందు నుంచీ ఖాళీగా ఉందా, లేక పాత్రకి ఆయువుపట్టా? తీసేసినదానికి బదులు ఏమిచ్చారు? ఈ మూడూ అడిగాక కూడా కోపం వస్తే గట్టిగా చెప్పండి, తప్పు లేదు. పక్కసీట్లో చప్పట్లు కొట్టినవాణ్ణి మాత్రం ఒక్కసారి అడిగి చూడండి, ఎందుకు కొట్టాడో.

బావకి కల్కి నచ్చింది. నాకు సగమే నచ్చింది. కర్ణుడి గురించి ఇంకా ఒప్పుకోలేదు ఇద్దరం. కానీ ఇప్పుడు సినిమాకి ఒకే బండి మీద వెళ్తున్నాం, దారంతా వాదించుకుంటూ. ఉంటానండి మరి, ఆయ్.